బాయికాడి ఊదారంగు పిట్ట

సాలవ్వకు ఓర్వలేనితనం ఎవరూ నేర్పింది కాదు. చెల్లెలు భూదవ్వ పుట్టి తల్లి ఒడిలోకి వచ్చిన రోజునే అది మొదలైందని కామారెడ్డిలో వాళ్ల వాడకట్టు ఆడవాళ్లు చెప్పుకునేవారు. జాతరలో ఇద్దరికీ ఒకే తీరు గాజులు తొడిగిస్తే, చెల్లెలి చేతికున్నవే ఎక్కువ మెరుస్తున్నాయని తనవి గోడకేసి పగలగొట్టుకుంది. పెళ్లయ్యాక కూడా ఆ గుణం పోలేదు. మొగుడు హన్మయ్య రైలు పట్టాల గ్యాంగులో పనిచేసేవాడు. నెమ్మదైన మనిషి. ఒక ఎండాకాలం గత్తర రోగం వచ్చి, పొద్దున వాంతులు మొదలైన మనిషి మరునాటికి లేడు. పిల్లలు లేరు. తోడికోడలికేమో నలుగురు. వాళ్ల మధ్య ఉండలేక స్టేషను వెనుక ఒక గుడిసె చూసుకుంది సాలవ్వ. ఆ పిల్లలు పెద్దవ్వా పెద్దవ్వా అంటూ వస్తే తలుపు దగ్గరికి వేసుకునేది. వాళ్లు వెళ్లిపోయాక తలుపు తీసి వాళ్లు పోయిన దారి వైపు చూసేది.

కామారెడ్డి ఆడపిల్లల బడిలో ఆయా పని దొరికింది. పొద్దున ఇంటింటికీ తిరిగి పిల్లలను పోగు చేసుకొని రావడం, కడవలు నింపడం, సాయంత్రం మళ్లీ ఎవరింట్లో వాళ్లను దిగబెట్టడం. ఏడాదికి ఒకటి రెండు సార్లు బడులను చూడడానికి జనానా బడుల ఇన్‌స్పెక్టరు ఖుర్షీద్ బేగం దౌరా మీద వచ్చేది. నలభై దాటిన మనిషి, గోషా పాటించేది. రైలు దిగి పరదా కట్టిన కచ్చురం బండి ఎక్కి ముసాఫిర్ బంగ్లాకు వెళ్లేది. అక్కడి నుంచి ఎల్లారెడ్డి, ఆ మీదట బీర్కూర్ వైపు. ఒకసారి ఆమె వెంట వచ్చిన పనిమనిషికి జ్వరం తగిలింది. పెద్ద పంతులమ్మ సాలవ్వను పిలిచి, "నువ్వు పోతవా బేగం గారి వెంట?" అని అడిగింది. పోనని చెప్పడానికి సాలవ్వకు ఇంట్లో ఎవరున్నారు కనుక? మూట కట్టుకొని కచ్చురం వెనుక కూర్చుంది.

ఎల్లారెడ్డి బంగ్లాకు చుట్టూ మనిషెత్తు గోడ. లోపల జామ, దానిమ్మ, సీతాఫలం చెట్లు, ఒక పెద్ద చింత, గిలక బావి. బావి నీళ్లు పారే కాలువ పక్కన ఎప్పుడూ తడిగా ఉండే నేల. తెల్లవారగానే బేగం గారి జవాను యాకూబు మగవాళ్లందరినీ గేటు అవతలికి పంపి, తాను కూడా బయట కూర్చునేవాడు. అప్పుడు బేగం గారు బురఖా తీసేసి, ఒక శాలువా కప్పుకొని తోటలోకి వచ్చేది. ఆమె చేతిలో ఒక దుర్భిణి ఉండేది. ఫౌజులో పనిచేసిన తండ్రిదట. ఊళ్లు తిరగడం ఆమె పని. కానీ ఏ ఊరూ ఆమెకు కళ్లారా కనపడదు. కచ్చురం పరదా, బడి గది, మళ్లీ పరదా. ఆమె స్వేచ్ఛగా చూడగలిగింది ఈ బంగ్లాల తోటలే. వాటిలో ఉన్న పిట్టలే.

"సాలవ్వా, పైకి చూడు," అంది ఆ మొదటి పొద్దున.

సాలవ్వ వాన వస్తుందేమోనని తప్ప ఎన్నడూ పైకి చూసింది లేదు. బేగం గారు ఆమె కళ్లకు దుర్భిణి ఆనించింది. జామ కొమ్మ ఒక్కసారిగా మొహం మీదికి వచ్చినట్లయింది. దాని మీద గువ్వ. ఊరంతా ఉండే గువ్వే. కానీ దాని మెడ వెనుక నల్లపూసలు గుచ్చినట్లు ఒక సన్నని గీత ఉందని సాలవ్వకు నలభై ఏళ్ల దాకా తెలియదు.

"ఏం చూసినవు చెప్పు," అంది బేగం గారు.

సాలవ్వ చెప్పింది. బేగం గారు విన్నది. మధ్యలో అడ్డం రాకుండా, తల ఊపుతూ, "ఇంకా? ఇంకా?" అంటూ విన్నది. పని చెప్పేవాళ్లే తప్ప, ఏం చూశావని ఇంతవరకు సాలవ్వను అడిగినవాళ్లు లేరు. హన్మయ్య కూడా అడగలేదు పాపం.

ఆ రోజు నుంచి సాలవ్వకు ఏడాదంటే ఆ దౌరా రోజులే. బేగం గారు ఉర్దూలో ఒక పేరు చెబితే సాలవ్వ తెలుగులో ఒకటి చెప్పేది. ఆమెకు నీల్‌కంఠ్ అయినది ఈమెకు పాలపిట్ట. రెండు భాషల్లోనూ పేరు తెలియని పిట్ట వస్తే ఇద్దరూ కలిసి ఒకటి పెట్టేవారు. కాలువలో తోకాడిస్తూ తిరిగే సన్నపిట్టకు 'చాకలి చిన్నమ్మ' అని పేరు పెట్టి, ఆ పొద్దంతా నవ్వుకున్నారు. కామారెడ్డికి తిరిగి వచ్చాక సాలవ్వ బడి నీళ్లు మోస్తూ కూడా తలెత్తి చూసేది. "ఏమైందే, మెడ పట్టుకుందా?" అని అడిగేవారు తోటివాళ్లు. ఆమె చెప్పేది కాదు. అది తనదీ బేగం గారిదీ. మూడో మనిషికి అందులో చోటు లేదు.

మూడో మనిషి వచ్చిన సంవత్సరమే ఎక్కడో లడాయి మొదలైందని, చమురుకు కరువొస్తుందని జనం అనుకుంటున్నారు. ఎల్లారెడ్డి బడికి కుట్లు నేర్పడానికి కొత్త పంతులమ్మ వచ్చింది. పేరు మరియ. మెదక్ వైపు మిషను బడిలో చదువుకున్న పిల్ల. ఇరవై రెండేళ్లుంటాయి. సన్నగా, చామనచాయగా ఉండేది. నవ్వితే చిగుళ్లు కనబడేవి. పిల్లలు కుట్టిన రుమాళ్లు చూపించడానికి సాయంత్రం బంగ్లాకు వచ్చింది. బేగం గారు తోటలో కుర్చీ వేసుకొని రుమాళ్లు తిప్పి చూస్తున్నది. మరియ చేతులు కట్టుకొని నిలబడ్డది నిలబడ్డట్టే దానిమ్మ చెట్టు వైపు వంగింది.

"అమ్మా, ఈ ఆకులు ఎవరో కుట్టిండ్రు."

నిజమే. రెండాకులు అంచులు కలిపి, పత్తి పోగులతో టాకాలు వేసి ఉన్నాయి. లోపల దూది పరుపు. అందులో పప్పుగింజలంత గుడ్లు. బేగం గారు కుర్చీలోంచి లేచి, చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టింది. "దర్జీ పిట్ట! ఎన్నేండ్ల సంది వెతుకుతున్న దీని కోసం!" అంటూ మరియ మెడలో తన చేత్తో దుర్భిణి వేసింది.

సాలవ్వ ఆ దానిమ్మ చెట్టు పక్కనుంచి పొద్దుటి నుంచి ఎన్నిసార్లు బావికి పోయి వచ్చిందో. గుండెలో ఎవరో పచ్చిమిరపకాయ నూరినట్లయింది. మెడలో వేసింది. ఇన్నేళ్లలో తనకు చేతికిచ్చింది, కళ్లకు ఆనించింది, మెడలో మాత్రం ఎన్నడూ వేయలేదు.

"కుట్లు కుట్టేటామె కదా, కుట్టు కనపడ్డది. అంతే," అంది బేగం గారు నవ్వుతూ. సాలవ్వ మొహం చూసి సర్దడానికి అన్నదో, ఊరికే అన్నదో. సాలవ్వకు మాత్రం అందులో సగమే వినిపించింది.

ఆ తర్వాతి దౌరాల్లో మరియ రోజూ వచ్చింది. సాలవ్వ చేయగలిగినదంతా చేసింది. "బేగం గారికి తలనొప్పి, పండుకున్నది," అని గేటు దగ్గరే చెప్పి పంపింది ఒకసారి. మరియ గోడ పక్కన పోతుంటే లోపలినుంచి బేగం గారే గొంతు గుర్తుపట్టి పిలిచింది. బెంచీ మీద బేగం గారి పక్క చోటులో ముందే మంచినీళ్ల చెంబు, పాన్‌దాన్, శాలువా పరిచి పెట్టింది ఇంకోసారి. బేగం గారు వాటిని తీసి సాలవ్వ ఒడిలోనే పెట్టి మరియకు చోటిచ్చింది. మరియ చెడ్డపిల్ల కాదు. "సాలక్కా, నువ్వు కూసో," అని లేచి నిలబడేది. అది మరీ మండేది. ఇచ్చిన చోటులో కూర్చోవడం కన్నా నేల మీద కూర్చోవడం నయమని సాలవ్వ కాలువ గట్టు మీద కూర్చునేది. అక్కడినుంచి ఆమెకు పిట్టల కన్నా వాళ్లిద్దరి వీపులే ఎక్కువ కనిపించేవి.

తర్వాతి చలికాలం. మంచు ఇంకా విడవలేదు. చింతచెట్టులో పసుపుపచ్చగా ఏదో మెరిసింది. "వంగపండు! వంగపండు పిట్ట అమ్మా!" అని మరియ వేలు చూపింది. పసుపు ముద్దలాంటి పిట్ట, కంటికి కాటుక దిద్దినట్లు నల్లచార. అది ఎగిరిపోయేదాకా బేగం గారు ఊపిరి బిగబట్టి చూసింది. చూసి, "ఈ పిల్ల కండ్లు కండ్లు కావు," అంది.

అప్పుడే సాలవ్వ నోట ఆ మాట వచ్చింది. అనాలని అనుకోలేదు. "నేను ఇంతకన్న మంచి పిట్టను చూసిన."

ఇద్దరూ తిరిగి చూశారు.

"ఎక్కడ?" అంది బేగం గారు.

"బాయికాడ. పొద్దుగాల, నీళ్లు చేదేటప్పుడు."

"ఎట్లుండె?"

ఎట్లుండెనో సాలవ్వకే తెలియదు. బేగం గారు కప్పుకున్న శాలువా ఎదురుగా ఉంది. "ఊదా రంగు," అంది. "రెక్కలన్ని ఊదా. మెడ పచ్చగ. తోకేమో మూరెడు. చివరికి తెల్లటి చుక్క." చెబుతుంటే చెబుతుంటే ఆమె గొంతులో తడబాటు పోయింది. "గిలక మీద కూసుంది. నన్ను చూసి తోక ఇట్ల మలిపింది."

బేగం గారి కళ్లు మెరిశాయి. ఎన్నో రోజుల తర్వాత ఆ చూపు మళ్లీ సాలవ్వ మీద పడ్డది. ఆమె జరిగి బెంచీ మీద చోటిచ్చి, "కూసో. మళ్లీ చెప్పు, మొదటి నుంచి," అంది. సాలవ్వ కూర్చుంది. వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. మళ్లీ చెప్పింది. ఈసారి తోక మూరన్నర అయింది.

అప్పుడు మరియ నెమ్మదిగా అంది: "నేను గూడ చూసిన, అమ్మా. నిన్న, బడికి పోయేటప్పుడు. తల మీద చిన్న తురాయి ఉన్నది."

సాలవ్వకు ఒళ్లు ఝల్లుమంది. దొరికిపోయానన్న భయం కాదు. "తురాయి లేదు!" అంది గట్టిగా.

"ఉన్నది సాలక్కా. రెక్కలు లేపినప్పుడే కనిపిస్తది."

"నేను దగ్గరికెళ్లి చూసిన. లేదు."

"నాకు కనిపించింది మరి."

అబద్ధం ఆడుతున్నావని అందామంటే నోరు రాదు. లేని పిట్టను నువ్వెక్కడ చూశావని ఎట్లా అడుగుతుంది? పైగా ఆ తురాయి మాట వినగానే బేగం గారు "తురాయి గూడనా!" అని మరియ వైపు తిరిగింది. సాలవ్వ పుట్టించిన పిట్టను కూడా మరియ తన్నుకుపోయినట్లే ఉంది. కళ్ల ముందున్న వంగపండు పోయినందుకు అంత బాధ లేదు. ఈ లేని దాని మీద సాలవ్వకు కడుపు రగిలిపోయింది.

మరునాడు బీర్కూర్ బయలుదేరాలి. బేగం గారు కచ్చురం ఆపించింది. "ఒక్క దినం చూద్దాం," అంది. ఆ రోజంతా బావి వైపు దుర్భిణి పెట్టుకొని కూర్చుంది. రాలేదు. ఇంకో రోజు ఉంది. గోరింకలు వచ్చాయి, పిగిలిపిట్టలు వచ్చాయి, ఊదా రంగు పిట్ట ఎక్కడినుంచి వస్తుంది? సాలవ్వ బావి దగ్గరికి పోవాలంటేనే భయపడి, కాలువ నీళ్లతోనే బాసన్లు తోమింది. మూడో పొద్దున బీర్కూర్ నుంచి మనిషి వచ్చాడు. ఆడపిల్లలందరూ తలస్నానాలు చేసి, కొత్త పరికిణీలు కట్టుకొని, పాట నేర్చుకొని, రెండు రోజులు బడి గుమ్మం ముందు ఎండలో కూర్చున్నారట. ఒక చిన్నపిల్ల సొమ్మసిల్లి పడిపోయిందట. పిల్లకు ఏమీ కాలేదు, నీళ్లు చల్లితే లేచింది. కానీ తల్లిదండ్రులు వచ్చి పెద్ద పంతులమ్మతో కొట్లాడారట. బేగం గారి మొహం నల్లబడ్డది. గబగబా బురఖా వేసుకొని కచ్చురం ఎక్కింది.

ఎక్కేముందు మరియతో, "ఆ పిట్టను నాకు రుమాలు మీద కుట్టి ఇయ్యి. కండ్లతోటి చూసినవు కదా. నేను కామారెడ్డి పోయే వరకు తయారు కావాలె," అంది.

బీర్కూర్ నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం మరియ బావి దగ్గరికి వచ్చింది. సాలవ్వ ఒక్కతే ఉంది.

"సాలక్కా, ఆ పిట్ట ముక్కు ఎట్లుండె?"

"నువ్వు చూసినవు కదా," అంది సాలవ్వ చేంతాడు వదలకుండా.

మరియ తలదించుకుంది. "చూడలే."

చేంతాడు సాలవ్వ చేతిలో ఆగింది. "చూడకుండ చూసిన అని ఎందుకంటివి?"

"ఆమె నిన్నే చూస్తుండె అక్కా. నన్ను మరిచిపోయింది. నీకు గట్ల చోటిచ్చి, పక్కన కూసోబెట్టుకొని..." మరియ కొంగు వేలికి చుట్టుకుంది. "నేను వచ్చిన కానించి చూస్తున్న. నేనేం చూపిచ్చినా, 'ఇది సాలవ్వకు చూపియ్యాలె, సాలవ్వ చూసిందా' అంటది. నువ్వు చూసింది నేను చూడలేదంటే నా మనసు ఒప్పలే."

సాలవ్వ ఆ పిల్ల మొహంలోకి చూసింది. చిన్నప్పుడు భూదవ్వ గాజుల వైపు తాను ఎట్లా చూసిందో, అట్లాంటి చూపు. తనను చూసి! స్టేషను వెనుక గుడిసెలో ఉండే, కడవలు మోసే తనను చూసి ఒకరు ఓర్వలేకపోయారు. పుట్టి బుద్ధెరిగాక అట్లాంటిది జరగలేదు. లోపల ఎక్కడో బెల్లం ముక్క కరిగినట్లయింది. ఆ తీపికి సిగ్గు కూడా వేసింది. అప్పుడే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

"ముక్కు సన్నగ ఉండె. ఎర్రగ," అంది. మరియ శ్రద్ధగా వింటూ తల ఊపింది. తోక గురించి, మెడ గురించి అడిగింది. సాలవ్వ అన్నీ చెప్పింది. చివర్లో, "తురాయి కుట్టకు," అని గట్టిగా చెప్పింది.

మరియ రెండు రాత్రులు కూర్చొని కుట్టింది. ఊదా పట్టుదారం ఎక్కడినుంచి తెప్పించిందో, ఈక ఈకా విడిగా కనబడేలాగా కుట్టింది. తురాయి మాత్రం పెట్టింది. బేగం గారికి అది ఉందని చెప్పింది కదా, తీసేయలేకపోయింది. బేగం గారు రుమాలును కళ్లకు అద్దుకొని మడిచి దాచుకుంది. "ఇద్దరికీ శుక్రియా," అన్నది కానీ రుమాలు చూసినంత సేపూ మరియ వేళ్లనే చూసింది. సాలవ్వ ఆ రోజు కచ్చురం వెనుక, మొహం దారి వైపు తిప్పుకొని కూర్చొని కామారెడ్డి చేరింది.

ఆ ఎండాకాలం బేగం గారిని పర్భణికి మార్చారు, తబాదలా అట. బీర్కూర్ వాళ్లు పై కచేరీకి ఫిర్యాదు పంపినందుకే అని కొందరన్నారు. అదేం కాదు, ఆమె వంతు వచ్చింది అని కొందరన్నారు. ఏది నిజమో సాలవ్వకు చెప్పేవాళ్లు లేరు. తన నోటి నుంచి వచ్చిన పిట్టే ఆమెను తీసుకుపోయిందని సాలవ్వ మనసులో గట్టిగా పడ్డది. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ బంగ్లాలో కిటికీలు మూయించి పడుకునేది. సాలవ్వ ఆమె వెంట ఒక్కసారి పోయి, మళ్లీ పోలేదు.

ఏడాది దాటాక, సీతాఫలాల కాలంలో, బేగం గారు పర్భణి నుంచి హైదరాబాదు పోతూ కామారెడ్డి మీదుగా వెళ్తుందని పెద్ద పంతులమ్మ చెప్పింది. సాలవ్వ ఉతికిన చీర కట్టుకొని, సీతాఫలాలు మూట కట్టుకొని స్టేషనుకు పోయింది. జనానా డబ్బా కిటికీ దగ్గర బేగం గారు పరదా కొంచెం తొలగించి కూర్చుంది. చిక్కిపోయింది. సాలవ్వను చూడగానే చేయి బయటికి చాపింది. ఆ చేయి పట్టుకొని సాలవ్వ ఏడ్చేసింది.

"మంచిగున్నవా సాలవ్వా?" అని, జవాబు రాకముందే, "మరియ ఎట్లుంది?" అంది బేగం గారు.

సాలవ్వ ఏడుపు ఆగిపోయింది.

"లగ్గమైంది. దవాఖానల కంపౌండరు అబ్రాహాము అని, ఆయన్ను చేసుకుంది." అంతటితో ఆగితే సరిపోయేది. రైలు కూత వేసింది. టైము లేదు. ఆ టైము లేకపోవడమే ఆమెను తోసిందేమో. "అమ్మా, ఆ పిట్టను మరియ చూడలే. నాతోటి తానే చెప్పింది. నీకు అబద్ధం చెప్పింది," అంది సాలవ్వ ఒక్క గుక్కలో.

బేగం గారు ఆమెను చూసింది. "మరి రుమాలు మీద ఎట్ల కుట్టింది?"

"నేను చెప్తే కుట్టింది."

సాలవ్వ ఎదురుచూసింది. బేగం గారి నుదురు ముడిపడుతుందని, 'అట్లనా, ఎంత మోసం' అంటుందని. ఆ మొహం మీద మెల్లగా నవ్వు వచ్చింది. "నువ్వు చెప్పుడు, ఆమె కుట్టుడు," అంది. "నేను అక్కడ ఒక్కతే ఉంటున్న కదా సాలవ్వా, మీరిద్దరు మాట్లాడుకోను గూడ మాట్లాడుకోరని ఫికర్ పడ్డ. ఇంత దోస్తీ అయిందా మీకు!" రైలు కదిలింది. "మరియకు నా సలాం చెప్పు," అన్న మాట కిటికీతోపాటే ముందుకు పోయింది. సీతాఫలాల మూట ఇవ్వడం సాలవ్వ మరిచేపోయింది. ప్లాట్‌ఫారం మీద ఎవరికో ఇచ్చేసి ఇంటికి పోయింది.

ఆ తర్వాత సాలవ్వకు ముద్ద దిగలేదు. కొట్టిన దెబ్బ తగలలేదని బాధ ఒక పక్క. అసలు కొట్టినందుకు బాధ ఇంకో పక్క. ఆదివారం బడికి సెలవు. రోడ్డు మోటారు ఎక్కి ఎల్లారెడ్డి పోయింది. దౌరా లేకుండా, ఎవరి పనీ లేకుండా ఆమె ఆ ఊరికి పోవడం అదే మొదలు.

మరియ అప్పుడే ప్రార్థన గుడి నుంచి వచ్చి, వాకిట్లో చాప మీద కూర్చొని దారపు చిక్కు తీస్తున్నది. కడుపుతో ఉంది. "సాలక్కా! రా, కూసో," అని లేవబోయింది.

"లేవకు. నేనొక మాట చెప్పిపోత. రైలుకాడ బేగం గారు కలిసింది. నువ్వు పిట్టను చూడలేదని చెప్పిన."

మరియ చేతిలోని దారం ఆగింది. "అక్కా, నిన్ను నమ్మి చెప్పిన గద నేను," అంది.

"ఇంకోటి ఉన్నది. నేను గూడ చూడలే."

"ఏంది?"

"ఆ పిట్ట లేనే లేదు. నువ్వు వంగపండును చూపిచ్చినవని కడుపు మండి కల్పించిన."

మరియ లేచి నిలబడింది. కడుపు బరువుకు గోడ పట్టుకొని నిలబడింది. "లేనిదాన్ని చూసిన అన్నందుకు నేను ఆదివారమాదివారం మోకాళ్ల మీద కూసొని ఏడ్చిన. ఆ చిన్నపిల్ల ఎండకు పడిపోయింది నావల్లనే అని ఏడ్చిన. నువ్వేమో ముక్కు ఎర్రగున్నదని, మెడ పచ్చగున్నదని చెప్పుకుంట నా చేతిల కుట్టిచ్చినవు!" వీధి వైపు చేయి చూపింది. "పో. నా ఇంట్లకెళ్లి పో."

సాలవ్వ వెనుదిరిగింది. వీధిలోకి వచ్చి చూస్తే మోటారు వెళ్లిపోయింది. మళ్లీ మరునాడే. ఊర్లో ఆమెకు ఇంకెవరూ తెలియదు. బంగ్లా గేటు మూసి ఉంది. తిరిగి వచ్చి మరియ ఇంటి బయటి అరుగు మీద, కొంగు తల మీద వేసుకొని కూర్చుంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అబ్రాహాము దవాఖానా నుంచి వచ్చి, "ఎవరవ్వా నువ్వు? గిట్ల ఎండల కూసున్నవేంది?" అన్నాడు. లోపలికి తొంగిచూసి, "మరియా, ఎవరో పెద్దమనిషి కూసున్నది," అని పిలిచాడు.

కాసేపటికి మరియ వచ్చి అన్నం, పచ్చిపులుసు ఉన్న తలెను అరుగు మీద టప్పుమని పెట్టింది. పెట్టి పోలేదు. అక్కడే నిలబడింది.

"ఒకటడుగుత చెప్పు," అంది కోపంగానే. "లేని పిట్టకు తురాయి ఉంటే నీదేం పోయింది? నాతోటి గంత కొట్లాడినవు?"

సాలవ్వ తలె వైపు చూస్తూ, "నా పిట్ట కదా," అంది.

మరియ పెదవి బిగబట్టింది. అయినా ఆగలేదు. చిగుళ్లు కనబడేలాగా నవ్వు బయటపడింది. కళ్లలో నీళ్లు అట్లాగే ఉన్నాయి. నవ్వుతూనే గుమ్మం మీద కూలబడి, "అన్నం తిను. పచ్చిపులుసు ఇంకింత పోస్త," అంది. ఆ తర్వాత రైలు దగ్గరి సంగతంతా మళ్లీ మొదటి నుంచి చెప్పించుకుంది. బేగం గారు చిక్కిపోయిందా? జుట్టు తెల్లబడ్డదా? సలాం చెప్పమన్నప్పుడు ముందు ఎవరి పేరు అన్నది? సాలవ్వ చెప్పింది. ఈసారి ఉన్నది ఉన్నట్లు చెప్పింది, తన పేరు లేకపోయినా.

మరియ పురిటికి సాలవ్వ సెలవు పెట్టి వచ్చింది. ఆడపిల్ల. పిల్లకు మూడో నెల వచ్చేసరికి కామారెడ్డి బడి పని మానేసి, ఎల్లారెడ్డిలోనే మరియ వెనుక గదిలో ఉండిపోయింది. మరియ బడికి పోతే పిల్లను చూసుకునేది. సాయంత్రాలు ఇద్దరూ వాకిట్లో కూర్చొని కొట్లాడుకునేవారు, పప్పులో ఉప్పు గురించి, పిల్ల స్నానం గురించి, ఎక్కువగా బేగం గారు ఎప్పుడు ఏమన్నదో దాని గురించి. బేగం గారు మళ్లీ ఆ దారిన రాలేదు. నిజం ఆమెకు చెప్పాలని ఒకరిద్దరి ద్వారా ప్రయత్నం చేద్దామనుకున్నారు కానీ, అట్లాంటి మాట మూడో నోటి ద్వారా పంపేది కాదని ఊరుకున్నారు.

ఓర్వలేనితనం పోయిందా అంటే, అదెక్కడికి పోతుంది? పక్కింటి సలీమ్ భార్య మజీదా రోజూ గోడ మీదుగా చేతులు చాపి పిల్లను ఎత్తుకునేది. పిల్ల మాటలు నేర్చే వయసు వచ్చింది. సాలవ్వ పొద్దస్తమానం ఒడిలో కూర్చోబెట్టుకొని "అవ్వ అను, అవ్వ" అని నేర్పేది. ఒక సాయంత్రం పిల్ల అందరి ముందూ నోరు తెరిచి, గోడ వైపు చేయి చాపి, "మజ్జీ" అంది. మరియ చప్పట్లు కొట్టింది. అబ్రాహాము నవ్వాడు. మజీదా గోడ అవతల పొంగిపోయింది.

సాలవ్వ లేచి లోపలికి పోయి పండుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.